టెర్మినల్ టూల్‌కి యూనిట్ టెస్టులు: లినక్స్, మ్యాక్, విండోస్ మూడింట్లోనూ పాస్ అవ్వాలంటే

మాది శ్రీకాకుళం, ఇంట్లో కూర్చునే పని. ఉన్నది ఒకటే లినక్స్ ల్యాప్‌టాప్. ఆ మధ్య పైథాన్‌లో ఒక చిన్న టూల్ రాశాను, వేరే ప్రోగ్రామ్‌ని టెర్మినల్‌లో నడిపించి దాని ఔట్‌పుట్ మొత్తం రికార్డ్ చేస్తుంది, అంతే. యూనిట్ టెస్టులన్నీ (కోడ్‌ని ముక్కముక్కగా పరీక్షించేవి) పచ్చగా పాస్ అయిపోతే విజయనగరంలో ఉన్న మా ఫ్రెండ్‌కి పంపాను, వాడి దగ్గర మ్యాక్ ఉంది కదా అని. పది నిమిషాల్లో ఫోన్. "ఏట్రా ఇది, టెస్ట్ మొదలెట్టి టీ తాగొచ్చాను, ఇంకా తిరుగుతానే ఉంది, ఫ్యాన్ చూస్తే విమానం ఎగిరిపోయేలా ఉంది."

నా కోడ్‌లో తప్పు రెండు లైన్లే. టూల్ వేరే ప్రోగ్రామ్‌ని నడిపేది సూడో టెర్మినల్ (పీటీవై) మీద, అంటే ఓఎస్ తయారుచేసిచ్చే ఉత్తుత్తి టెర్మినల్; నా టూల్ పట్టుకునే చివర మాస్టర్, ఆ ప్రోగ్రామ్ పట్టుకునే చివర స్లేవ్. మాస్టర్ వైపు నుంచి చదువుతూ ఉండు, ఎర్రర్ వస్తే ఆపెయ్ అని లూప్ రాశాను. లినక్స్‌లో అవతలి ప్రోగ్రామ్ అయిపోయి స్లేవ్ వైపు అంతా మూసుకుపోయాక చదివితే ఈఐఓ అనే ఎర్రర్, అంటే ఎర్రర్ నంబర్ 5 వస్తుంది. మ్యాక్‌లో ఎర్రర్ ఏమీ రాదు, ఖాళీ బైట్లు వస్తాయి, మామూలు ఫైల్ చివరికొచ్చినట్టే. నా లూప్ ఎర్రర్ కోసం చూస్తా కూర్చుంది, ఖాళీ మీద ఖాళీ చదువుతూ. ఆ తర్వాత నేను టెస్టులు మళ్ళీ ఎలా రాసుకున్నానో ఇక్కడ చెప్తాను, పైథాన్‌లో టెస్టులు నడిపే పైటెస్ట్‌తో చెప్తున్నా గానీ ఏ భాషలో అయినా సంగతి ఇదే.

ముందు, మధ్యలో ఉన్న పేరయ్య గురించి

సూడో టెర్మినల్‌ని చాలామంది రెండు చివర్లున్న పైపు అనుకుంటారు. కాదు. మాస్టర్‌కీ స్లేవ్‌కీ మధ్యలో కెర్నల్‌లో (ఓఎస్ గుండెకాయలో) లైన్ డిసిప్లిన్ అని ఒకటుంది, అది పెళ్ళిళ్ళ పేరయ్య లాంటిది, ఇటు మాట అటు ఉన్నదున్నట్టు ఎప్పుడూ చెప్పదు. ప్రోగ్రామ్ ఒక న్యూలైన్, అంటే బైట్ 10 రాస్తే మీ చేతికి 13, 10 రెండూ వస్తాయి. మీరు మాస్టర్‌లో ఏదైనా రాస్తే ప్రోగ్రామ్ చదవకముందే అది ఎకో అయ్యి మీకే తిరిగొస్తుంది. బైట్ 3 రాస్తే అది అక్షరంగా వెళ్ళదు, ఇంటరప్ట్ సిగ్నల్‌గా మారిపోతుంది. బైట్ 4 లైన్ మొదట్లో ఉంటే ఇన్‌పుట్ అయిపోయిందని అర్థం, లైన్ మధ్యలో ఉంటే మాత్రం అప్పటిదాకా టైప్ చేసింది ప్రోగ్రామ్‌కి తోసెయ్యడమే. టెస్ట్‌లో "హలో" వస్తుందనుకుంటే "హలో" రెండుసార్లు వచ్చింది అని తల పట్టుకునేవాళ్ళకి సమాధానం ఇదే, ఒకటి ఎకో, రెండోది ప్రోగ్రామ్ రాసింది.

స్టెప్ 1: ఓఎస్ ముట్టుకునే కోడ్‌ని ఒక మూలకి తోసెయ్యండి

మీ ప్రోగ్రామ్ అంతా ఓపెన్‌పీటీవై (సూడో టెర్మినల్ తెరిచేది) పిలుపులూ ఐఓసీటీఎల్‌లూ (డివైజ్ సెట్టింగులు మార్చే పిలుపులు) చల్లేసి ఉంటే దానికి యూనిట్ టెస్ట్ రాయడం ఎవరి తరమూ కాదు. ఒక చిన్న క్లాస్ పెట్టుకోండి, అందులో ఆరు పనులే ఉండాలి: ప్రోగ్రామ్ మొదలెట్టడం, చదవడం, రాయడం, సైజ్ మార్చడం, ప్రోగ్రామ్ ముగిసేదాకా ఆగి ఎగ్జిట్ కోడ్ తేవడం, మూసెయ్యడం. లినక్స్, మ్యాక్‌కి కలిపి ఒక క్లాస్, విండోస్‌కి ఇంకొకటి. మిగతా ప్రోగ్రామ్‌కి కింద ఏ ఓఎస్ ఉందో తెలియనే కూడదు.

ఇక్కడే ఒక రూల్ పెట్టుకోండి: ఔట్‌పుట్ అయిపోయింది అంటే చదివే ఫంక్షన్ ఎప్పుడూ ఖాళీ బైట్లే ఇవ్వాలి. లినక్స్‌లో ఈఐఓ వస్తే ఆ క్లాస్‌లోనే పట్టుకుని ఖాళీగా మార్చెయ్యండి. ఈఐఓ ఒక్కటే సుమా, వచ్చిన ప్రతి ఎర్రర్‌నీ మింగేస్తే రేపు ఫైల్ డిస్క్రిప్టర్ (తెరిచిన ఫైల్‌కి ఓఎస్ ఇచ్చే నంబర్) తప్పుగా మూసినప్పుడు వచ్చే అసలు ఎర్రర్ కూడా అందులోనే కలిసిపోతుంది.

ఇంకోటి, పైథాన్‌లో పీటీవై మాడ్యూల్‌ని ఫైల్ పైనే ఇంపోర్ట్ చెయ్యకండి. అది టెర్మియోస్ (యూనిక్స్ టెర్మినల్ సెట్టింగుల మాడ్యూల్) మీద ఆధారపడుతుంది, విండోస్‌లో టెర్మియోస్ లేదు, దాంతో మీ టెస్ట్ ఫైల్ మొదలవ్వకముందే కూలిపోతుంది. యూనిక్స్ క్లాస్ (లినక్స్, మ్యాక్‌ది) ఉన్న ఫైల్‌లోనే ఇంపోర్ట్ పెట్టి, ఆ ఫైల్‌ని అవసరమైనప్పుడే పిలవండి, టెస్టుల్లో అయితే పైటెస్ట్ వాళ్ళ ఇంపోర్ట్‌ఆర్‌స్కిప్ ఉంది (మాడ్యూల్ లేకపోతే టెస్ట్ దాటేస్తుంది), అది వాడండి.

స్టెప్ 2: అన్ని ఓఎస్‌ల చెడ్డ అలవాట్లూ ఉన్న ఫేక్ ఒకటి రాయండి

నా దగ్గర మ్యాక్ లేదు, కొనే ఉద్దేశమూ లేదు. అయినా మ్యాక్ ఎలా ప్రవర్తిస్తుందో నా లినక్స్‌లోనే టెస్ట్ చెయ్యొచ్చు, అసలు యూనిట్ టెస్ట్ వల్ల లాభమే అది.

ఓఎస్ రీడ్ పిలుపుని మీ క్లాస్‌కి బయటనుంచి అందించేలా పెట్టుకోండి. టెస్ట్‌లో దాని బదులు ఒక ఫేక్ ఫంక్షన్ ఇవ్వండి, దానికి ఒక లిస్ట్ ఉంటుంది, పిలిచిన ప్రతిసారీ లిస్ట్‌లో తర్వాతది ఇస్తుంది. ఒక టెస్ట్‌లో లిస్ట్ ఇలా: కొన్ని బైట్లు, కొన్ని బైట్లు, తర్వాత ఈఐఓ. రెండో టెస్ట్‌లో అవే బైట్లు, తర్వాత ఖాళీ. రెండింట్లోనూ జవాబు ఒకటే రావాలి. మూడో టెస్ట్‌లో ఈబీఏడీఎఫ్ (ఫైల్ డిస్క్రిప్టర్ తప్పు అనే) ఎర్రర్ పెట్టండి, అది మింగబడకుండా బయటికి రావాలి. లిస్ట్ అయిపోయాక ఇంకా పిలిస్తే ఫేక్ వెంటనే అసర్షన్ ఎర్రర్ విసరాలి, ఇది మర్చిపోవద్దు, మా ఫ్రెండ్ ఫ్యాన్ తిరిగిన బగ్ ఇలాంటి ఫేక్ ఉండుంటే నా ఇంట్లోనే అర సెకనులో దొరికేది.

రాయడం వైపు కూడా అంతే. 1000 బైట్లు రాయమంటే ఓఎస్ 300 రాసి "300 రాశాను" అని చెప్పొచ్చు, మిగతా 700 మీరే మళ్ళీ రాయాలి. నిజం టెర్మినల్‌తో దీన్ని కావాలని రప్పించడం కష్టం, ఫేక్‌తో ఒక లైన్ పని.

స్టెప్ 3: ముక్కలుగా వచ్చే బైట్లు, ముఖ్యంగా మన తెలుగు

ఇంగ్లీష్ టెక్స్ట్‌తో టెస్ట్ చేసేవాళ్ళకి ఈ బగ్ ఎప్పటికీ కనబడదు, మనకి మాత్రం మొదటి రోజే కనబడుతుంది. రీడ్ పిలుపు ఎక్కడ తెగుతుందో మన చేతిలో లేదు. యూటీఎఫ్ 8లో తెలుగు కోడ్‌పాయింట్ (అక్షరానికో గుర్తుకో యూనికోడ్ ఇచ్చే నంబర్) ఒక్కోటి 3 బైట్లు. "పలాస" తీసుకోండి, ప, ల, దీర్ఘం, స, మొత్తం 4, అంటే 12 బైట్లు. ఈ 12 బైట్లని రెండు ముక్కలు చెయ్యాలంటే 11 చోట్ల కొయ్యొచ్చు, అందులో 3 చోట్ల మాత్రమే కోత సరిగ్గా రెండు కోడ్‌పాయింట్ల మధ్య పడుతుంది, మిగతా 8 చోట్లా ఒకదాన్ని నరికేసినట్టే. వచ్చిన ముక్కని వచ్చినట్టే డీకోడ్ చేసే కోడ్ ఈ 8 చోట్లా కూలుతుంది, లేకపోతే ప్రశ్నార్థకం ఉన్న నల్ల డైమండ్ గుర్తులు చూపిస్తుంది.

కాబట్టి పారామెట్రైజ్ (ఒకే టెస్ట్‌ని వేరు వేరు విలువలతో నడిపేది) పెట్టి 1 నుంచి 11 దాకా ప్రతి చోటా కోసి ఫేక్‌కి ఇవ్వండి, ప్రతిసారీ "పలాస" అనే రావాలి. ఫిక్స్ కూడా సులువే, పైథాన్‌లో ఇంక్రిమెంటల్ డీకోడర్ ఉంది, సగం వచ్చిన దాన్ని దాచుకుని తర్వాతి ముక్కతో కలుపుతుంది. కలర్ కోడ్‌ల ఎస్కేప్ సీక్వెన్స్‌లకి కూడా ఇదే టెస్ట్ పెట్టండి, 27 (ఎస్కేప్) ఒక ముక్కలో, 91 ([ గుర్తు) ఇంకో ముక్కలో వచ్చినప్పుడు మీ పార్సర్ ఏం చేస్తుందో చూడండి.

తెలుగుతోనే ఇంకో తమాషా ఉంది. లినక్స్‌లో ఐయూటీఎఫ్8 అని టెర్మినల్ ఫ్లాగ్ ఒకటి ఉంది, బ్యాక్‌స్పేస్ కొట్టినప్పుడు ఒక బైట్ తియ్యాలా ఒక కోడ్‌పాయింట్ మొత్తం తియ్యాలా అన్నది అదే చెప్తుంది. "శ్రీ" టైప్ చేసి చెరపాలంటే ఫ్లాగ్ ఉంటే 4 బ్యాక్‌స్పేస్‌లు, లేకపోతే 12. ఫ్లాగ్ లేకుండా 4 కొట్టారనుకోండి, 8 బైట్లు మిగులుతాయి, అందులో చివరి రెండూ విరిగిపోయిన ముక్కలు, ప్రోగ్రామ్ వాటిని చదివి డీకోడ్ ఎర్రర్‌తో పడిపోతుంది. మీ టూల్ లైన్ మోడ్‌లో ఇన్‌పుట్ తీసుకునేదైతే ఆ ఫ్లాగ్ మీరే పెట్టి, మాస్టర్‌లో "శ్రీ" రాసి, బైట్ 127ని (బ్యాక్‌స్పేస్) నాలుగుసార్లు రాసి, ఎంటర్ కొట్టి, అవతల ఖాళీ లైన్ వచ్చిందా అని ఒక టెస్ట్ పెట్టుకోండి. లినక్స్‌కి మాత్రమే అని మార్క్ చెయ్యండి.

స్టెప్ 4: ఇప్పుడు నిజం పీటీవైతో కాసిన్ని టెస్టులు

ఫేక్‌తో అంతా అయిపోదు, మీ ఫేక్ అబద్ధం చెప్తుంటే ఎవరు పట్టుకుంటారు? అందుకే నిజం టెర్మినల్‌తో కూడా ఓ పది టెస్టులు ఉండాలి, వందలు వద్దు, అవి నెమ్మది, పైగా అప్పుడప్పుడు మొండికేస్తాయి.

మొట్టమొదట ఒక హెల్పర్ రాసుకోండి: "ఈ గుర్తు వచ్చేదాకా చదువు, 5 సెకన్లలో రాకపోతే ఇప్పటిదాకా వచ్చింది చూపించి ఫెయిల్ అవ్వు." ప్రతి టెస్టూ దీని మీదే నడవాలి. స్లీప్ పెట్టి "అర సెకను ఆగితే వచ్చేస్తుందిలే" అనుకునే టెస్ట్ మీ మెషీన్‌లో పాస్ అవుతుంది, సీఐ మెషీన్ (కోడ్ మారిన ప్రతిసారీ టెస్టులు నడిపే సర్వర్) బిజీగా ఉన్న రోజు ఫెయిల్ అవుతుంది, మర్నాడు మళ్ళీ పాస్ అవుతుంది, చివరికి ఆ టెస్ట్‌ని ఎవరూ నమ్మరు. డేటా కోసం ఎదురుచూడటానికి సెలెక్ట్ అనే పిలుపు వాడండి, అదే పని చేసే పోల్ మ్యాక్ పాత వెర్షన్లలో టెర్మినల్ డివైజ్‌ల మీద సరిగ్గా పనిచేసేది కాదు. ఫెయిల్ అయినప్పుడు వచ్చిన బైట్లు బయటికి కనబడేలా చూపించండి, 13లూ 27లూ స్క్రీన్ మీద మాయమైపోతే గంటలు పోతాయి.

రెండోది, హ్యాంగ్ అవ్వడానికి అన్నిటికన్నా పెద్ద కారణం. ఓపెన్‌పీటీవై పిలిస్తే మాస్టర్, స్లేవ్ రెండూ మీ ప్రాసెస్‌లోనే తెరుచుకుంటాయి. చైల్డ్ (మీరు నడిపించే ప్రోగ్రామ్) మొదలయ్యాక మీ దగ్గరున్న స్లేవ్ కాపీని మూసెయ్యాలి. మూయకపోతే చైల్డ్ చచ్చిపోయినా స్లేవ్ ఇంకా ఎవరో తెరిచి ఉంచారనే కెర్నల్ లెక్క, ఆ తెరిచినవాళ్ళు మీరే, ముగింపు ఎప్పటికీ రాదు, రీడ్ అలాగే కూర్చుంటుంది. తలుపు మనమే పట్టుకుని బస్సు కదల్లేదేంటని కండక్టర్ మీద అరిచినట్టు.

మూడోది, టెర్మినల్ మోడ్ మీద నమ్మకం పెట్టుకోకండి. డీఫాల్ట్ ఫ్లాగులు అన్ని ఓఎస్‌లలో ఒకేలా ఉంటాయని అనుకోవద్దు. బైట్లు అచ్చంగా సరిపోవాలనే టెస్ట్ అయితే ముందే రా మోడ్‌లో (లైన్ డిసిప్లిన్ ఏమీ మార్చని మోడ్) పెట్టేయండి, అప్పుడు ఎకో లేదు, 13, 10 గొడవ లేదు. ఎకో గురించే టెస్ట్ అయితే ఆ ఫ్లాగ్ మీరే ఆన్ చేసి మొదలెట్టండి. పాస్‌వర్డ్ అడిగేటప్పుడు ఎకో ఆగిందా లేదా అని చూడాలంటే, ప్రాంప్ట్ కనబడ్డాక టెర్మినల్ ఫ్లాగులు చదివి ఎకో బిట్ చూడండి, అది తిన్నగా తెలిసిపోతుంది.

పాస్‌వర్డ్ అంటే గుర్తొచ్చింది. నా టెస్ట్ ఒకటి నడుస్తూ నడుస్తూ నా సొంత టెర్మినల్ మీద "పాస్‌వర్డ్:" అని అడిగింది, టెస్ట్ లోపల కాదు, నా స్క్రీన్ మీద! గెట్‌పాస్ (పైథాన్‌లో పాస్‌వర్డ్ అడిగేది) ముందు కంట్రోలింగ్ టెర్మినల్‌ని, అంటే ఆ ప్రోగ్రామ్ సెషన్‌కి కట్టేసి ఉన్న టెర్మినల్‌ని తెరవడానికి చూస్తుంది, చైల్డ్‌కి కొత్త సెషన్ ఇవ్వకపోతే దాని కంట్రోలింగ్ టెర్మినల్ మీరు కూర్చున్న టెర్మినలే. సీఐలో అక్కడ మనిషే లేడు కాబట్టి ప్రవర్తన ఇంకోలా ఉంటుంది, కాబట్టి ఒకే టెస్ట్ రెండుచోట్ల రెండు రకాలు.

దీనికి మందు: చైల్డ్‌లో సెట్‌సిడ్ (కొత్త సెషన్ మొదలెట్టేది) పిలిచి, తర్వాత స్లేవ్‌ని కంట్రోలింగ్ టెర్మినల్‌గా చెయ్యాలి. ఇక్కడ కూడా తేడా ఉంది. లినక్స్‌లో సెషన్ లీడర్ (సెట్‌సిడ్ పిలిచిన ప్రాసెస్) ఊరికే ఒక టెర్మినల్ తెరిస్తే చాలు అదే కంట్రోలింగ్ అయిపోతుంది, ఫ్రీబీఎస్‌డీ లాంటి వాటిల్లో అయితే దానికి ఉన్న ఐఓసీటీఎల్ విడిగా పిలవాలి. లినక్స్‌లో పనిచేసింది కదా అని వదిలేస్తే అక్కడ కంట్రోల్ సీ పని చెయ్యదు. పైథాన్‌లో పీటీవై డాట్ ఫోర్క్ ఇదంతా చూసుకుంటుంది, 3.11 నుంచి లాగిన్‌టీటీవై కూడా ఉంది. సబ్‌ప్రాసెస్‌లో కొత్త సెషన్ ఆప్షన్ ఒక్కటే పెడితే సెషన్ మారుతుంది గానీ కంట్రోలింగ్ టెర్మినల్ రాదు, అది సగం పనే.

కంట్రోల్ సీ టెస్ట్ ఎలాగంటే: చైల్డ్ సిగ్నల్ హ్యాండ్లర్ పెట్టుకున్నాక "రెడీ" అని ప్రింట్ చెయ్యాలి, మీరు ఆ మాట వచ్చేదాకా ఆగి అప్పుడు మాస్టర్‌లో బైట్ 3 రాయాలి, "ఆగిపోయాను" అని వస్తుందా చూడాలి. "రెడీ" కోసం ఆగకపోతే హ్యాండ్లర్ పెట్టకముందే సిగ్నల్ వెళ్ళి చైల్డ్ మధ్యలోనే పోతుంది. రా మోడ్‌లో ఉంటే బైట్ 3 సిగ్నల్ అవ్వదు, 3గానే చేరుతుంది, దానికో టెస్ట్ విడిగా.

స్టెప్ 5: సైజ్

కొత్తగా తెరిచిన పీటీవై సైజ్ 0 వరసలు, 0 నిలువులు. మీ ప్రోగ్రెస్ బార్ కోడ్ వెడల్పుతో భాగిస్తే సున్నాతో భాగించినట్టే, పేలుతుంది. పైథాన్‌లో ఓఎస్ మాడ్యూల్‌లో ఉన్న ఫంక్షన్ ఆ 0 అలాగే ఇస్తుంది, షూటిల్ మాడ్యూల్‌లో ఉన్నది 80, 24 అని సర్దుకుంటుంది, కానీ అది ముందు కాలమ్స్, లైన్స్ అనే ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్స్ చూస్తుంది, కాబట్టి టెస్ట్‌లో ఆ రెండూ పైటెస్ట్ మంకీప్యాచ్‌తో తీసేసి మొదలెట్టండి. 0 సైజ్‌కి ఒక టెస్ట్ తప్పనిసరి.

సైజ్ మారిస్తే సిగ్‌విన్చ్ సిగ్నల్ వెళ్ళాలి కదా అని టెస్ట్ రాసి, 80 ఇంటూ 24 ఉన్నదాన్ని మళ్ళీ 80 ఇంటూ 24కే మార్చి, సిగ్నల్ రాలేదేంటా అని నేను ఒక సాయంత్రం పాడుచేసుకున్నాను. సైజ్ నిజంగా మారితేనే కెర్నల్ సిగ్నల్ పంపుతుంది. టెస్ట్‌కి ఎప్పుడూ వేరు వేరు అంకెలు, అదీ 97 ఇంటూ 31 లాంటివి వాడండి, వరసలూ నిలువులూ తారుమారైతే వెంటనే తెలిసిపోతుంది. యూనిక్స్‌లో ముందు వరసలు తర్వాత నిలువులు ఇస్తాం, విండోస్‌లో ముందు నిలువులు తర్వాత వరసలు. 50 ఇంటూ 50 పెట్టి టెస్ట్ రాస్తే ఈ తప్పు జన్మలో దొరకదు.

స్టెప్ 6: విండోస్

విండోస్ 10 వెర్షన్ 1809 నుంచి కాన్‌పీటీవై అని విండోస్ సొంత సూడో టెర్మినల్ వచ్చింది, అంతకుముందు విన్‌పీటీవై లాంటివి పెట్టుకుని తంటాలు పడేవాళ్ళు. పైథాన్ నుంచి పైవిన్‌పీటీవై లైబ్రరీ వాడుకోవచ్చు. కానీ ఒకటి బుర్రలో పెట్టుకోండి, అక్కడ ప్రోగ్రామ్ రాసిన బైట్లు మీకు అలాగే రావు. మధ్యలో విండోస్ తన స్క్రీన్ బొమ్మ తను గీసుకుని, ఆ బొమ్మని మళ్ళీ ఎస్కేప్ సీక్వెన్స్‌లుగా మార్చి పంపుతుంది, మీరు అడగని కర్సర్ జరపడాలూ స్క్రీన్ తుడవడాలూ అందులో ఉంటాయి. బైట్‌కి బైట్ పోల్చే టెస్ట్ అక్కడ పాస్ అవ్వదు, అవ్వకూడదు కూడా.

అందుకని బైట్లు కాకుండా స్క్రీన్ పోల్చండి. పైట్ అనే పైథాన్ లైబ్రరీ ఒకటుంది, పేరు చూసి నవ్వకండి, చీరకి సంబంధం లేదు, మెమరీలోనే టెర్మినల్ స్క్రీన్ ఒకటి గీస్తుంది. వచ్చిన బైట్లన్నీ దానికి పోసి, "రెండో వరసలో ఏముంది" అని అడగండి. లినక్స్‌లో, మ్యాక్‌లో, విండోస్‌లో అదే టెస్ట్ అదే జవాబు. అయితే ఫలానా నిలువులో కర్సర్ ఉందా అనే టెస్టుల్లో తెలుగు పెట్టకండి, గుణింతాల, ఒత్తుల వెడల్పు ఒక్కో టెర్మినల్ ఒక్కోలా లెక్కేస్తుంది, అది మీ బగ్ కాదు.

ఎంటర్ అంటే విండోస్‌కి బైట్ 13 పంపండి. యూనిక్స్ కూడా మామూలు మోడ్‌లో 13ని 10గా మార్చుకుంటుంది కాబట్టి అన్నిచోట్లా 13 పంపితే సరిపోతుంది. మూసేటప్పుడు ఔట్‌పుట్ వేరే థ్రెడ్‌లో చదువుతూనే మూయండి, పాత వెర్షన్లలో మిగిలిన ఔట్‌పుట్ ఎవరూ చదవకపోతే మూసే పిలుపు అలాగే ఆగిపోతుంది.

స్టెప్ 7: సీఐలో పెట్టడం

గిట్‌హబ్ వాళ్ళ సీఐ, గిట్‌హబ్ యాక్షన్స్‌లో మ్యాట్రిక్స్ (ఒకే పనిని చాలా ఓఎస్‌లలో నడిపే లిస్ట్) పెట్టి ఉబుంటు, మ్యాక్, విండోస్ మూడూ రాసేయండి, మ్యాక్ కొనక్కర్లేదు. అక్కడ మీ టెస్ట్ ప్రాసెస్ ఔట్‌పుట్ టెర్మినల్ కాదు, ఇంట్లో టెర్మినలే, పైగా పైటెస్ట్ స్టాండర్డ్ ఇన్‌పుట్‌నీ ఔట్‌పుట్‌నీ తనే పట్టుకుంటుంది. అందుకే మీ కోడ్ "నేను టెర్మినల్‌లో ఉన్నానా" అని గ్లోబల్‌గా అడక్కుండా, ఏ ఫైల్ డిస్క్రిప్టర్ గురించో ఆర్గ్యుమెంట్‌గా తీసుకోవాలి. టర్మ్ వేరియబుల్ (టెర్మినల్ రకం చెప్పేది) కూడా టెస్టే పెట్టాలి, పరిసరాల నుంచి అరువు తెచ్చుకోకూడదు. ప్రతి టెస్ట్‌కీ టైమవుట్ ఒకటి, జాబ్ మొత్తానికి పది నిమిషాల టైమవుట్ ఒకటి. స్కిప్ అయిన టెస్టుల పేర్లు కారణంతో సహా చూపించమని ఆప్షన్ పెట్టండి, లేకపోతే మ్యాక్‌లో అన్నీ స్కిప్ అయిపోయి పచ్చ టిక్ వస్తుంది, మీరు సంతోషంగా పడుకుంటారు.

చివరగా లీక్ టెస్ట్, తెరిచినవి మూయకుండా వదిలేస్తున్నామా అని. ప్రతి టెస్ట్ తర్వాత ఫిక్స్చర్‌లో (టెస్ట్‌కి ముందూ వెనకా నడిచే కోడ్) మాస్టర్ మూసెయ్యాలి, చైల్డ్‌ని చంపి వెయిట్ పిలవాలి, టెస్ట్ మధ్యలో ఫెయిల్ అయినా సరే. లినక్స్‌లో మొత్తం పీటీవైలు డీఫాల్ట్‌గా 4096, మ్యాక్‌లో 511, కాబట్టి లీక్ ఉంటే మ్యాక్ ముందు ఏడుస్తుంది. నేను ఒక టెస్ట్‌లో 600 సార్లు తెరిచి మూయిస్తాను. ఫైల్ డిస్క్రిప్టర్ల లిమిట్ తక్కువున్న మెషీన్‌లో అయితే లీక్ అంతకన్నా ముందే బయటపడుతుంది. మొన్న మా ఫ్రెండ్ మ్యాక్‌లో అది 480 దాటాక ఆగింది, వాడు ఎడిటర్‌లోనూ ఇంకోచోటా టెర్మినల్ ట్యాబ్‌లు తెరిచి వదిలేసి ఉన్నాడు, నా కోడ్‌లోనూ ఎర్రర్ దారిలో ఒక క్లోజ్ మిస్ అయ్యింది. నేను నాది సరిచేశాను, వాడు మాత్రం ట్యాబ్‌లు ఇంకా మూయలేదు.